బ్రజ్ హోలీకి భార్యాభర్తలిద్దరే వెళ్లాలంటే: తిథి చూసుకోవడం నుంచి రంగు వదిలించుకోవడం దాకా

ఉత్తరప్రదేశ్‌లో మథుర చుట్టుపక్కల ఉన్న బ్రజ్ ప్రాంతానికి వెళ్లి, బర్సానాలో లట్ఠ్‌మార్ హోలీ (ఆడవాళ్లు మగవాళ్లను కర్రలతో కొట్టే ఆట) చూడాలి, బృందావనంలో రంగులాడాలి, దారిలో తాజ్‌మహల్ కూడా కలిసిరావాలి, ఇదంతా ఇద్దరమే వెళ్తే కుదురుతుందా? కుదురుతుంది. ఈ యాత్రలో ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమంది, లోపలికి ఎలా చేరాలో నెల ముందే చూసుకుని, బయటికి ఎలా రావాలో అక్కడికెళ్లాక ఆలోచించినవాళ్లే. అందుకే కింద ఏ చోటు గురించి చెప్పినా, తిరుగుదారిని వదలకుండా చెబుతాం.

గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు, ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లు ఈ ఏడాదికి మానుకోవడం మంచిది. గులాల్ పొడి గాలిలో గంటల తరబడి తేలుతుంటుంది, మాస్కు పెట్టుకున్నా పూర్తిగా ఆగదు.

1. ముందు తిథి, ఆ తర్వాతే తేదీ

బ్రజ్‌లో హోలీ ఒక్కరోజు పండగ కాదు. ఊరికో తిథి. మీ పంచాంగంలో ఇవి గుర్తుపెట్టుకోండి:

- ఫాల్గుణ శుద్ధ అష్టమి: బర్సానా లాడ్లీజీ (రాధ) ఆలయంలో లడ్డూమార్ హోలీ (లడ్డూలు విసురుకునే ఆట)
- నవమి: బర్సానా వీధుల్లో లట్ఠ్‌మార్
- దశమి: నంద్‌గావ్‌లో లట్ఠ్‌మార్
- ఏకాదశి: బృందావనం బాంకే బిహారీ ఆలయంలో రంగుల సంబరం
- ద్వాదశి: గోకులంలో ఛడీమార్ హోలీ (సన్నని బెత్తాలతో ఆట)
- పౌర్ణమి రాత్రి: హోలికా దహనం
- మర్నాడు: ధులండీ, అంటే రంగుల రోజు
- ఆ మర్నాడు: బల్‌దేవ్‌లోని దావూజీ (బలరాముడి) ఆలయంలో హురంగా (ఆడవాళ్లు మగవాళ్ల చొక్కాలు చింపి వాటితోనే కొట్టే ఆట)

మనవాళ్లు ఇక్కడ రెండుచోట్ల పొరబడతారు. మన క్యాలెండర్‌లో హోలీ అని సాధారణంగా పౌర్ణమి నాడే రాసి ఉంటుంది. అక్కడ పౌర్ణమి రాత్రి మంట, రంగులు మర్నాడు పొద్దున. ఆ ఎర్ర అంకె చూసి టికెట్లు కొంటే ఒకరోజు ముందే తిరిగొచ్చేస్తారు.

రెండోది నెల పేరు. పౌర్ణమి దాటగానే మనకు ఫాల్గుణ బహుళం నడుస్తుంటే, వాళ్లకు చైత్ర కృష్ణ పక్షం మొదలైపోతుంది. హురంగా కోసం వెతుకుతూ మన చైత్రంలో చూస్తే దొరకదు, అది మనకు ఫాల్గుణ బహుళంలోనే ఉంటుంది.

తిథి రెండు రోజులకు పాకిన సంవత్సరాల్లో ఆలయాలవాళ్లు ప్రకటించిన తేదీయే లెక్క. అందుకే టికెట్లకు అటూ ఇటూ ఒకరోజు వెసులుబాటు ఉంచుకోండి.

2. ఎన్ని రోజులు, ఏ వరస

అష్టమి నుంచి హురంగా దాకా మొత్తం చూడాలనుకుంటే పదిరోజులు కావాలి. ఇద్దరికీ అది మొదటిసారైతే వద్దు. నాలుగోరోజుకే గొంతు పట్టేస్తుంది, చర్మం మండుతుంది, ఒకరి మీద ఒకరికి చిరాకు మొదలవుతుంది. నవమి నుంచి ఏకాదశి దాకా ఉండి, పౌర్ణమికి ముందే బయటపడేలా వేసుకున్న ప్రణాళిక చాలా సుఖం:

- సప్తమి: రైల్లో ఆగ్రా, సాయంత్రం విశ్రాంతి
- అష్టమి: సూర్యోదయానికి తాజ్‌మహల్, మధ్యాహ్నం మథురకు (సుమారు 60 కిలోమీటర్లు)
- నవమి: బర్సానా
- దశమి: విశ్రాంతి, ఓపికుంటే సాయంత్రం గోవర్ధన్
- ఏకాదశి: బృందావనం
- ద్వాదశి: మథుర ఆలయాలు, రాత్రి రైలు

ఆగ్రాను ముందు పెట్టడానికి కారణాలున్నాయి. దక్షిణం నుంచి వచ్చే రైలు ముందు ఆగ్రా మీదుగానే వెళ్తుంది. పైగా చివర్లో పెట్టుకుంటే తాజ్ ముందు తీసుకున్న ఫొటోల్లో మీ ఇద్దరి చెవులూ గులాబీ రంగులో ఉంటాయి!

తాజ్‌కు శుక్రవారం సెలవు. అష్టమి శుక్రవారం పడితే ఒకరోజు ముందు చేరండి. భారతీయులకు టికెట్ 50 రూపాయలు, ప్రధాన సమాధి దగ్గరికి వెళ్లాలంటే మరో 200. ఆన్‌లైన్‌లో ముందే కొంటే వరసలో నిలబడే బాధ తప్పుతుంది.

వెన్నెల్లో తాజ్ చూడాలన్న కోరిక ఉంటే మాత్రం వరస తిరగేయాలి. పౌర్ణమి రాత్రి, దానికి ముందు రెండు, తర్వాత రెండు రాత్రులు మాత్రమే అనుమతిస్తారు. శుక్రవారాలూ, రంజాన్ నెలా ఉండదు. మనిషికి అరగంట మాత్రమే, బృందానికి 50 మంది. హోలీ పౌర్ణమికే వస్తుంది కాబట్టి అవకాశం ఉంది, కానీ ఆ ఏడు రంజాన్ ఎప్పుడో చూసుకున్నాకే ఆశపడండి.

3. టికెట్లు, గది

రైలు రిజర్వేషన్ ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. వెళ్లే రోజుకీ తిరిగొచ్చే రోజుకీ వేర్వేరుగా తెరుచుకుంటుందన్నది చాలామంది మర్చిపోయే సంగతి. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడల నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి. తత్కాల్‌ను నమ్ముకుంటే ఒకరోజు ముందు ఏసీకి 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు. ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే పూర్తిచేసి ఉండాలి, ఆ పొద్దున కూర్చుని చేసే పని కాదు.

గది విషయంలో ఊరికన్నా రోడ్డు ముఖ్యం. పండగ రోజుల్లో బృందావనం లోపలికి బయటి బళ్లు రానివ్వరు. బాంకే బిహారీ ఆలయం పక్క సందులో గది తీసుకుంటే సామాను మోసుకుంటూ జనంలోంచి నడవాలి, రైలు అందుకోవాల్సిన పూట ఇరుక్కుపోతారు. ఛటీకరా రోడ్డు వైపు తీసుకుంటే హైవే దగ్గర, ఆలయానికి ఈ-రిక్షా లేదా నడక. లేదంటే మథుర. బర్సానా ఒక్కటే మీ లక్ష్యమైతే గోవర్ధన్ దగ్గరవుతుంది.

డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగాల్సినవి:

- ఇద్దరి ఆధార్ కార్డులూ అసలువే కావాలా, ఫోన్‌లో చూపిస్తే సరిపోతుందా
- రంగుతో వచ్చినవాళ్లను లోపలికి రానిస్తారా, కడుక్కోవడానికి బయట కుళాయి ఉందా
- దుప్పటికో తువ్వాలుకో రంగంటితే ఎంత కట్టాలి
- బండి హోటల్ గుమ్మం దాకా వస్తుందా, బారికేడ్ ఎక్కడ పెడతారు

మూడో ప్రశ్న వింతగా అనిపిస్తుంది గానీ, గది ఖాళీ చేసేటప్పుడు జరిగే గొడవల్లో చాలావరకు దాని గురించే. ఇంటి నుంచి రెండు పాత దుప్పట్లు, రెండు ముదురు రంగు తువ్వాళ్లు తీసుకెళ్తే ఆ గొడవే ఉండదు.

4. సంచిలో ఉండాల్సినవి

- ఆటకు రెండు జతల మందపాటి, ముదురు రంగు, నిండు చేతుల నూలు బట్టలు. తెల్లబట్టలు ఫొటోకి బాగుంటాయి గానీ తడిస్తే ఒంటికి అతుక్కుని పారదర్శకమవుతాయి. ఆవిడకు లోపల లెగ్గింగ్స్, బిగుతైన టీషర్టు తప్పనిసరి. చీర వద్దు, వేలాడే చున్నీ అసలే వద్దు
- వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా పాత బూట్లు. హవాయి చెప్పులు మొదటి తోపులాటలోనే పోతాయి
- పవర్ లేని గాగుల్స్ రెండు. కాంటాక్ట్ లెన్సులు గదిలోనే వదిలేయాలి
- ఎన్‌95 మాస్కులు నాలుగు
- కొబ్బరినూనె 200 మిల్లీలీటర్లు, శనగపిండి అరకిలో
- ఫోన్‌కి నీళ్లు చొరబడని పౌచ్ ఇద్దరికీ చెరొకటి
- జిప్ కవర్లు, పది చెత్త సంచులు
- 50, 100 నోట్లలో రెండు మూడు వేలు. జనం ఎక్కువైతే నెట్‌వర్క్ నిలిచిపోయి యూపీఐ పనిచేయదు
- ఒక ఈల

కళ్లద్దాలుంటే పట్టీతో తలకు కట్టుకోండి. బృందావనం కోతులు కళ్లద్దాల కోసమే కాపు కాస్తాయి. ఎత్తుకుపోతే వెంటపడొద్దు. పండ్లరసం ప్యాకెట్ ఒకటి విసిరితే అద్దాలు కింద పడేసి దాన్ని పట్టుకుంటుంది. జేబులో ఒక ప్యాకెట్ ఉంచుకోవడం అక్కడివాళ్లు కూడా చేసే పనే.

5. ముందురోజు రాత్రి

పౌచ్‌ని పరీక్షించకుండా ఫోన్ పెట్టొద్దు. లోపల మడిచిన టిష్యూ కాగితం పెట్టి, మూత బిగించి, బకెట్ నీళ్లలో అరగంట ముంచి పైన చెంబు బరువు పెట్టండి. కాగితం అంచు కొంచెం చెమ్మగిల్లినా ఆ పౌచ్ పనికిరాదు. వేలిముద్ర పౌచ్ మీద నుంచి పనిచేయదు, ముఖం రంగులో ఉంటే ఫోన్ గుర్తుపట్టదు. కాబట్టి ఒకరి పిన్ ఒకరికి తెలిసి ఉండాలి. ఫోన్ నంబర్ కూడా బట్టీపట్టండి, ఈ రోజుల్లో భార్య నంబరు నోటికి రాని భర్తలే ఎక్కువ.

పెద్ద కెమెరాకు నీళ్లకన్నా పొడి గులాలే శత్రువు. జూమ్ ముందుకీ వెనక్కీ కదిలిన ప్రతిసారీ గాలితో పాటు పొడిని లోపలికి లాగుతుంది. జూమ్ కాని లెన్సు ఉంటే అదే బిగించి, గదిలోనే ప్లాస్టిక్ తొడిగేయండి, వీధిలో లెన్సు మార్చొద్దు.

ఒంటికి నూనె పొద్దున బయల్దేరేముందు రాయాలి. జుట్టు కుదుళ్లకి, చెవుల వెనక, గోళ్ల చుట్టూ, మెడ వెనక, కాలివేళ్ల మధ్య. పెదాలకు వాజిలీన్. గోళ్లకు ముదురు రంగు నెయిల్‌పాలిష్ వేస్తే రంగు పట్టదు, మగవాళ్లు మొహమాటపడితే రెండు వారాలు గులాబీ గోళ్లతో ఆఫీసుకెళ్లాల్సిందే. ఆవిడ జుట్టు జడ వేసి, ముడి చుట్టి, పైన గుడ్డ కట్టుకోవాలి.

6. బర్సానా రోజు

మథుర నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. ఉదయం 8 గంటలకల్లా కారులో బయల్దేరండి. బళ్లను ఊరి బయటే ఆపేస్తారు, అక్కణ్ణుంచి రెండు మూడు కిలోమీటర్లు నడక. దిగగానే చేయాల్సినవి: పార్కింగ్ బోర్డును ఫొటో తీయండి, పక్కనున్న గుర్తు ఏదైనా చూసుకోండి, బండి నంబరును చేతి మీద పెన్నుతో రాసుకోండి. డ్రైవర్‌తో ఎన్నింటికి అన్నది తేల్చుకోండి. సాయంత్రం ఫోన్ కలుస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

లాడ్లీజీ ఆలయం కొండమీద ఉంది. దర్శనం పొద్దున్నే ముగించుకోవాలి. మధ్యాహ్నం తర్వాత ఆ మెట్లమీదికి వెళ్లొద్దు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఇరుకు మెట్లమీద ఎదురుపడతారు.

దిగి వచ్చాక రంగీలీ గలీలో డాబా వెతుక్కోండి. ఆట జరిగేది ఆ సందులోనే. ఇళ్లవాళ్లు మనిషికింత అని తీసుకుని పైకి రానిస్తారు, బేరం కుదురుతుంది. డబ్బు చేతిలో పెట్టేముందు మూడు చూడండి:

- పిట్టగోడ నడుము ఎత్తుకి ఉందా, గట్టిగా ఉందా. చేత్తో తోసి చూడండి
- ఆడవాళ్లు వాడుకోవడానికి మరుగుదొడ్డి ఉందా
- మెట్లు వెనక సందులోకి కూడా దిగుతాయా

రెండోది లేకపోతే ఆ డాబా ఎంత బాగున్నా వదిలేయండి. సాయంత్రం దాకా మరో దారి ఉండదు. మూడోది తిరుగుదారి. ముందు సందు కిక్కిరిసినా వెనకనుంచి బయటపడొచ్చు.

మధ్యాహ్నం నంద్‌గావ్ మగవాళ్లు ఊరి అంచున కొలను దగ్గర చేరి తలపాగాలు చుట్టుకుంటారు. అక్కణ్ణుంచి కొండ మీది ఆలయానికి వెళ్లి, పాటలు పాడి, ఆ తర్వాత సందులోకి దిగుతారు. అంటే దెబ్బలాట చూడటానికి సాయంత్రం దాకా ఆగాలి. పొద్దున్నే వచ్చి రెండింటికి విసుగెత్తి వెళ్లిపోయేవాళ్లు అసలు సంగతి చూడకుండానే వెళ్తారు.

పైనుంచి చూస్తే ఇలా ఉంటుంది. మేలిముసుగు గడ్డం దాకా లాగిన ఆడవాళ్లు మనిషెత్తు కర్రలు పట్టుకుని వరసగా నిలబడతారు. మగవాడు గొంతుక్కూర్చుని డాలును తలమీద బోర్లిస్తాడు. కర్ర డాలు నడుమ పడుతుంది, ఆ చప్పుడు రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. చుట్టూ గోడల మీద కారేది చాలావరకు టేసూ పూల రంగు. అవి మన మోదుగ పూలే.

సందులోకి దిగి ఆ డాలుకీ కర్రకీ మధ్య ఫొటో తీయాలని చూడొద్దు. ఆటలో ఉన్నవాళ్లు ఆ రెండు ఊళ్లవాళ్లే. బయటివాళ్లు అడ్డొస్తే దెబ్బ డాలుమీద పడదు.

తిరుగు ప్రయాణానికి రెండే మార్గాలు. ఆట ముగియడానికి పావుగంట ముందే దిగిపోవడం, లేదా ముగిశాక ముప్పావుగంట డాబామీదే కూర్చోవడం. అందరితో పాటు దిగడం మాత్రం వద్దు.

7. బృందావనం ఏకాదశి

ఈ రోజుకు జాగ్రత్త రెట్టింపు. బాంకే బిహారీ ఆలయం సందులు సన్నం, లోపలి హాలు చిన్నది. 2022 జన్మాష్టమి మంగళ హారతి వేళ ఈ ఆలయంలో తొక్కిసలాట జరిగి ఇద్దరు చనిపోయారు. పండగ రద్దీలో లోపలికి వెళ్లాలా అన్నది ఇద్దరూ కలిసి ముందే తేల్చుకోండి. ఒకరికి ఇష్టంలేకపోతే ఇద్దరూ ఆగిపోవడమే మేలు, "నువ్విక్కడే ఉండు, నేను చూసొస్తా" అన్నదగ్గరే మనుషులు తప్పిపోతారు.

వెళ్లాలనుకుంటే పొద్దున తలుపు తెరిచిన వెంటనే వెళ్లండి. మధ్యాహ్నం ఆలయం మూస్తారు. స్వామి ముందు తెర పదేపదే వేసి తీస్తుంటారు, తెర పడిందని దర్శనం అయిపోయిందనుకోవద్దు.

గుంపు బిగుసుకున్నప్పుడు చేతులు రొమ్ముకు అడ్డంగా మడిచి పెట్టుకోండి, ఊపిరికి చోటుంటుంది. తోపుకు ఎదురు తిరగకుండా, దాంతోపాటే కదులుతూ ఏటవాలుగా పక్కకు జరగండి. చెప్పు జారినా, ఫోన్ పడినా వంగొద్దు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. రంగు పేరుతో ఆడవాళ్ల ఒంటిమీద చేయివేసేవాళ్లు ఈ రద్దీలో ఉంటారు. ఆవిడ గోడ వైపు, ఆయన బయటి వైపు నడవడం, కుర్రాళ్ల గుంపు డీజే పెట్టుకున్న కూడలిని తప్పించి చుట్టూ తిరిగి వెళ్లడం, చీకటి పడకముందే గదికి చేరడం, ఈ మూడూ చాలావరకు కాపాడతాయి. అవసరమైతే 112, ఉత్తరప్రదేశ్ మహిళా హెల్ప్‌లైన్ 1090.

విడిపోతే ఎక్కడ కలవాలో పొద్దున్నే అనుకోండి. రంగ్‌జీ ఆలయం గోపురం మంచి గుర్తు. మన పద్ధతి గోపురం కాబట్టి అక్కడ ఇంకో గుడితో పొరబడరు, దారి ఎవరిని అడిగినా చెబుతారు. పది నిమిషాలు ఫోన్ కలవకపోతే ఇద్దరూ అక్కడికే నడవాలి, వెతకడం ఉండకూడదు.

తిండి సంగతి: ఇస్కాన్‌లో ఏకాదశి నాడు ధాన్యంతో చేసినవి వడ్డించరు. అన్నం లేకపోతే కడుపు నిండనివాళ్లు గదిలో ఏదైనా తిని బయల్దేరండి. మాంసం, మద్యం ఈ పుణ్యక్షేత్రాల్లో అమ్మరు.

8. ఠండాయీ

ఠండాయీ అంటే పాలు, బాదం, సుగంధ ద్రవ్యాలతో చేసే చల్లటి పానీయం, అందులో భంగు (గంజాయి ఆకు) కలుపుతుంటారు. ఎవరు ఇచ్చినా తాగేముందు "భాంగ్ హై క్యా?" (భంగు ఉందా?) అని అడగండి. దుకాణంలోనైతే "సాదీ ఠండాయీ" (భంగు లేనిది) అనండి. భంగు నోట్లో పెట్టగానే తెలియదు, గంటా గంటన్నర తర్వాత ఎక్కుతుంది. ఏమీ కాలేదే అని రెండో గ్లాసు తాగినవాళ్లే పడిపోతారు. గుండెదడ మొదలైతే నీడలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఒంటరిగా వదలకుండా గదికి చేర్చాలి. మాట తడబడి స్పృహ తప్పుతున్నట్టుంటే ఆసుపత్రికే, ఆలస్యం చేయొద్దు.

9. రంగు వదిలించుకోవడం

వరస తప్పితే రంగు ఇంకిపోతుంది.

1. నీళ్లు తగలకముందే పొడి గుడ్డతో దులపండి, జుట్టును దువ్వెనతో దువ్వండి. పొడి తడిస్తే రంగు నీళ్లవుతుంది.
2. కొబ్బరినూనె దట్టంగా రాసి పది నిమిషాలు ఆగి, పాత గుడ్డతో తుడవండి. రంగులో సగం ఇక్కడే వస్తుంది.
3. చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లు. వేడినీళ్లు వద్దు.
4. నాలుగు చెంచాల శనగపిండి, రెండు చెంచాల పెరుగు కలిపి నలుగు పెట్టినట్టు మెల్లగా రుద్దండి.
5. చివర్లో సబ్బు, తలకు షాంపూ రెండుసార్లు.

కిరోసిన్, పెట్రోలు, బట్టలుతికే బ్రష్షు జోలికి పోవద్దు. మిగిలిన గులాబీ మచ్చ నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. కంట్లో పడితే నలపకుండా చల్లటి మంచినీళ్లతో పది నిమిషాలు కడగాలి. ఆ తర్వాతా మంట, మసక తగ్గకపోతే డాక్టరు.

ఫోన్ ఛార్జింగ్ రంధ్రం తడిస్తే కనీసం ఆ రాత్రంతా ఛార్జింగ్ పెట్టొద్దు. పవర్ బ్యాంకు పెట్టినా అదే ప్రమాదం.

10. మథుర, తిరుగు ప్రయాణం

కృష్ణ జన్మభూమిలోకి ఫోన్, బ్యాగు, కెమెరా, స్మార్ట్‌వాచీ తీసుకెళ్లనివ్వరు. క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి, పండగ వరసలో అక్కడే గంట పోతుంది. గదిలోనే వదిలి, చేతిలో డబ్బుతో మాత్రమే వెళ్తే త్వరగా తెములుతుంది.

ధులండీ దాకా ఉండాలనే నిర్ణయించుకుంటే ఆ రోజు పొద్దున ఎక్కడికీ ప్రయాణం పెట్టుకోవద్దు. మధ్యాహ్నం రెండు దాకా దుకాణాలు మూసి ఉంటాయి, ఆటోలు దొరకవు. ముందురోజే బ్రెడ్, పండ్లు, నీళ్లు కొనుక్కోండి. ఢిల్లీ నుంచి విమానమైతే, హోలీ నాడు అక్కడ మెట్రో మధ్యాహ్నం 2:30కి గానీ మొదలవదు. రాత్రి విమానమే బుక్ చేయండి. రైలెక్కితే కిటికీ మూసుకోండి, పట్టాల పక్కనుంచి పిల్లలు నీళ్ల బెలూన్లు విసురుతారు.

ఆట బట్టలు ఆరకుండా సంచిలో పెడితే రైల్లో ముక్కిపోయి మిగతా వాటికి రంగు దిగుతుంది. గట్టిగా పిండి, పాత తువ్వాల్లో చుట్టి, రెండు చెత్త సంచుల్లో వేసి మూతి కట్టి, బ్యాగు బయటి అరలో పెట్టండి. ఇంటికెళ్లాక వాటిని మిగతా బట్టలతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేయొద్దు, బకెట్‌లో విడిగా నానబెట్టండి.